కడప బండ మీద బుల్లి కారు

కార్ల రేసు చూడాలంటే ఎవరైనా చెన్నైకో కోయంబత్తూరుకో వెళ్తారు. మేం మాత్రం కడప జిల్లా దువ్వూరు వెళ్లాం. రెండు జానల పొడవున్న కార్లు, ముగ్గుపిండితో గీసిన ట్రాకు, ఎడ్ల పందేలు తప్ప ఇంకో పందెం ఎరగని పెద్దాయన... ఆ నాలుగు రోజుల్లో మేం నేర్చుకున్నది మాత్రం చిన్నదేం కాదు.

మే నెల, తెల్లవారుజామున ఐదున్నర. మా మేనమామ ఇంటి వెనక కళ్లంలో నేనూ మా అబ్బాయీ ముగ్గుపిండి పట్టుకుని వంగి వంగి గీతలు గీస్తున్నాం. మలుపుల దగ్గర పాత సైకిల్ టైర్లు పెట్టాం. మధ్యలో మట్టి పోసి, నీళ్లు చల్లి, పారతో కొట్టి మూరెడెత్తు దిబ్బ కట్టాం. కారు దాని మీది నుంచి ఎగిరి దూకాలన్నమాట. చేతిలో వేపపుల్లతో వచ్చిన మామ కాసేపు చూసి, ‘‘ఏందిరా ఇది? దీనికే హైదరాబాదు నుంచి పెట్టె మోసుకోనొచ్చినారా?’’ అన్నాడు. మావాడు గర్వంగా కారు తీసి చూపించాడు. ఆయన దాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని తిరగేశాడు. బొమ్మ వంక కాదు, అడుగున చక్రాల వంక చూశాడు. ‘‘ఇరుసు బాగుండాది’’ అన్నాడు. అంతే!

ఊరి సంగతి

మైదుకూరు నుంచి కర్నూలు వైపు వెళ్లే జాతీయ రహదారి మీద ఉంటుంది దువ్వూరు. తూర్పున దూరంగా నల్లమల కొండల వరస. ఊరి చుట్టూ నల్లరేగడి. ఈ పొలాలకు ప్రాణం కేసీ కెనాల్, అంటే కర్నూలు-కడప కాలువ. తుంగభద్ర మీద సుంకేసుల దగ్గర మొదలయ్యే ఈ కాలువను 19వ శతాబ్దంలో మద్రాస్ ఇరిగేషన్ కంపెనీ తవ్వింది. సాగునీటితోపాటు పడవల రాకపోకలకూ పనికొస్తుందన్నది వాళ్ల ఆలోచన. 1882లో ప్రభుత్వం దాన్ని తీసుకుంది. కాలువ పారినప్పుడు ఇక్కడ వరి, పసుపు పచ్చగా కనిపిస్తాయి. ఎండాకాలం వచ్చిందంటే నేల నెర్రెలిస్తుంది, కళ్లాలు ఖాళీగా ఉంటాయి. ఆ ఖాళీ కళ్లమే మాకు రేస్ ట్రాక్!

పైకి గట్టిగా, నున్నగా కనిపించే ఆ నేల మీద పొడి దుమ్ము పొరలా పేరుకుని ఉంటుంది. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో బాణంలా దూసుకెళ్లిన మా కారు ఇక్కడ మొదటి మలుపులోనే గిర్రున తిరిగి వెనక్కి మళ్లింది. రెండోసారి దిబ్బ ఎక్కి దూకి, ముక్కు మీద పడింది. మూడోసారి పల్టీ కొట్టింది. మావాడి మొహం చిన్నబోయింది. ‘‘కారు పాడైంది నాన్నా, కొత్తది కొందాం’’ అన్నాడు. పాడైంది కారు కాదు. దాన్ని ఈ నేలకు తగ్గట్టు మేం సిద్ధం చేయలేదు.

బొమ్మ కాదు, బుల్లి యంత్రం

బజారులో దొరికే రిమోటు బొమ్మకూ దీనికీ చాలా తేడా ఉంది. బొమ్మ చెడిపోతే పారేయడమే. దీంట్లో ప్రతి భాగాన్నీ విప్పొచ్చు, మార్చొచ్చు, బిగించొచ్చు. అసలు కారును పదో వంతుకు కుదించినట్టు ఉండే వాటిని ‘ఒకటి బై పది’ స్కేలు అంటారు. పొడవు దాదాపు 40 సెంటీమీటర్లు, బరువు కిలోన్నర అటూ ఇటూ. నాలుగు చక్రాలకూ నూనె నింపిన షాక్ అబ్జార్బర్లు, గేర్లు, డిఫరెన్షియల్, పదికి పైగా బాల్ బేరింగులు ఉంటాయి. చక్రాలు తిప్పడానికి సర్వో, మోటారుకు కరెంటు ఎంత వెళ్లాలో చూసుకోవడానికి స్పీడ్ కంట్రోలర్... ఇదీ సరంజామా.

జపాన్‌కు చెందిన టమియా సంస్థ 1976లో పోర్షే 934 నమూనాతో మొదటి రేడియో కంట్రోల్ కారు తెచ్చింది. విడిభాగాలు పెట్టెలో వస్తాయి, కొన్నవాళ్లే బిగించుకోవాలి. ఆ సరదా దేశదేశాలకు పాకింది. మట్టి మీద పరుగెత్తే ఒకటి బై పది కార్లకు 1985లో కాలిఫోర్నియాలో ప్రపంచ పోటీలు జరిగాయి. మన దగ్గర ఇంజినీరింగ్ కాలేజీల టెక్ ఫెస్టుల్లో ఈ రేసులు కనిపిస్తాయి. పాత రిమోటులతో ఒకరి సిగ్నల్‌కు ఇంకొకరి కారు తిరిగే చిక్కు ఉండేది. ఇప్పుడు వాడే 2.4 గిగాహెర్ట్జ్ రిమోటులతో ఆ బెడద దాదాపు లేదు.

పంచలో వర్క్‌షాప్

ఈ కారును సరిచేయాలంటే ముందు కావలసింది సమతలంగా ఉండే బల్ల. వంకర బల్ల మీద కొలిస్తే కొలతలన్నీ వంకరే. పెద్ద రేసర్లు ఇందుకోసం ప్రత్యేకంగా పలకలు కొంటారు. మాకెక్కడిది? అటూ ఇటూ చూస్తుంటే మామ పంచలోని అరుగు చూపించాడు. పాలిష్ చేసిన కడప బండ! ఎర్రగుంట్ల, జమ్మలమడుగు ప్రాంతాల గనుల నుంచి వచ్చే ఈ నల్లరాయి ఇక్కడ ప్రతి ఇంట్లోనూ ఉంటుంది. కింద పరుస్తారు, గట్టుగా వేస్తారు, పొలం చుట్టూ కంచెగా పాతుతారు. మేస్త్రి దగ్గర రసమట్టం తెచ్చి పెడితే నీటి బుడగ సరిగ్గా మధ్యలో నిలబడింది. అంతకంటే మంచి బల్ల డబ్బు పెట్టినా దొరకదనిపించింది.

ఆ రాత్రి లైటు కింద ముగ్గురం కూర్చున్నాం. బ్యాటరీ పెట్టిన కారును జానెడెత్తు నుంచి బండ మీదకు వదిలాం. ఎంత కిందికి దిగి ఆగిందో స్కేలుతో కొలిచాం. మట్టి ట్రాకు మీద కారు అడుగు నేలకు రెండు, రెండున్నర సెంటీమీటర్ల ఎత్తులో ఉంటే మేలు. మరీ ఎత్తయితే పల్టీ కొడుతుంది, మరీ తక్కువైతే దిబ్బకు అడుగు తగులుతుంది. మాది మూడు దాటింది. షాక్ అబ్జార్బర్ మీది మర తిప్పి దించాం.

తర్వాత ముక్కు కింద సరిగ్గా మధ్యలో స్క్రూడ్రైవర్ మొన పెట్టి మెల్లగా లేపాలి. ముందు చక్రాలు రెండూ ఒకేసారి బండను వదలాలి. మా కారుకు ఎడమ చక్రం ముందే లేచింది. అంటే బరువు ఒక పక్కకు ఒరిగిందన్నమాట. అప్పటిదాకా మౌనంగా చూస్తున్న మామ నోరు విప్పాడు. ‘‘కాడి ఒకపక్కకు వాలితే ఆ పక్క ఎద్దు మెడ పుండైతాది. రెండోది ఎంత లాగినా బండ నేరుగా రాదు. దీనికీ అంతేనా?’’ అన్నాడు. అచ్చంగా అంతే! బ్యాటరీని కాస్త ఎడమకు జరిపాం, వెనక స్ప్రింగు ఒకటి సరిచేశాం. చక్రాలు జోడెడ్లలా కలిసి లేచాయి.

ఒకప్పుడు మామ ఒంగోలు గిత్తలను మేపి, తిరునాళ్లలో బండలాగుడు పోటీలకు తోలుకెళ్లేవాడు. నిర్ణీత సమయంలో జత ఎన్ని అడుగులు లాగిందన్నదే లెక్క. పోటీకి ముందురోజు ఆయన చేసే పనులు వేరే ఉండేవట. లాడాలు వదులయ్యాయేమో చూడటం, పలుపులు తడిమి చూడటం, కాడి మీద చేయి పెట్టి గరుకు వెతకడం... ‘‘పందెం పొద్దున గెలిచేది కాదురా, ముందురోజు రాత్రే గెలిచేది’’ అన్నాడు. మావాడు ఆ మాట నోట్‌బుక్‌లో రాసుకున్నాడు.

ఎండా... నూనే

షాక్ అబ్జార్బర్‌లో ఉండేది సిలికాన్ నూనె. వేడెక్కితే పలచబడుతుంది. అప్పుడు కారు గతుకుల్లో అదుపు తప్పి ఎగురుతుంది. అందుకే మే నెల ఎండలకు కాస్త చిక్కని నూనె వేయాలి. పోశాక లోపలి కడ్డీని మెల్లగా పైకీ కిందికీ ఆడించి, గాలి బుడగలన్నీ పోయేదాకా ఆగాలి. తొందరపడి మూత పెడితే నాలుగూ నాలుగు రకాలుగా పనిచేస్తాయి.

గేర్ల మధ్య సందు ఇంకో కిటుకు. మోటారుకుండే చిన్న పళ్లచక్రం పెద్దదానికి మరీ ఒత్తుకుంటే మోటారు వేడెక్కుతుంది, మరీ వదులైతే పళ్లు అరుగుతాయి. రెండింటి మధ్య సన్నని కాగితం ముక్క పెట్టి బిగించి, ఆ తర్వాత కాగితం లాగేయాలి. ఆ మిగిలిన సందు చాలు. టైర్ల సంగతి నేలే చెబుతుంది. వదులు మట్టికి మేకుల్లా పొడుచుకొచ్చిన రబ్బరు టైర్లు, గట్టి నేలకు పొట్టి ముళ్లవి. ఏది మార్చినా ఒకసారి ఒక్కటే మార్చాలి. పరుగెత్తించి చూసి, రాసుకుని, తర్వాతే రెండోది. నాలుగూ ఒకేసారి మారిస్తే దేనివల్ల బాగుపడిందో, దేనివల్ల చెడిందో ఎప్పటికీ తెలీదు.

గడ్డివామి పక్కన గండం

రెండో రోజు మధ్యాహ్నం నేను చేసిన తప్పు ఒకటి చెప్పాలి. అదనపు బ్యాటరీని మా పెద్ద కారు డిక్కీలోనే మరిచిపోయాను. సాయంత్రం తీసి చూస్తే పూరీలా ఉబ్బి ఉంది! ఈ కార్లలో వాడేది లిథియం పాలిమర్ బ్యాటరీ. ఎండకు, దెబ్బకు, అతిగా ఛార్జింగ్ పెట్టినా, పూర్తిగా ఖాళీ చేసినా దెబ్బతింటుంది. ఒక్కోసారి అంటుకుంటుంది కూడా. డిక్కీకి పది అడుగుల దూరంలో గడ్డివామి ఉంది. నా గుండె జారిపోయింది. దాన్ని ఇసుక నింపిన ఇనప బకెట్‌లో పెట్టి, వామికి దూరంగా ఆరుబయట ఉంచాం. హైదరాబాద్ తెచ్చాక ఎలక్ట్రానిక్ చెత్త సేకరించేవాళ్లకు ఇచ్చాం.

పిల్లలకు ఈ కార్లు కొనిచ్చే తల్లిదండ్రులు గుర్తుంచుకోవలసిన సంగతులివి. ఉబ్బిన బ్యాటరీని పొడవొద్దు, మళ్లీ ఛార్జింగ్ పెట్టొద్దు, ఇంటి చెత్తబుట్టలో వేయొద్దు. ఛార్జింగ్ పెట్టి బయటకు వెళ్లొద్దు, నిద్రపోవద్దు. ఈ రకానికి సరిపోయే ఛార్జరే వాడాలి. ఒక్కో సెల్ నిండితే 4.2 వోల్టులు. పరుగెత్తించి రాగానే వేడి తగ్గేదాకా ఆగి ఛార్జింగ్ పెట్టాలి. వారాలపాటు వాడకపోతే సెల్‌కు 3.8 వోల్టుల దగ్గర ఉంచి చల్లని చోట దాచాలి. రిమోటును ముందు ఆన్ చేసి తర్వాత కారు ఆన్ చేయాలి. ఆపేటప్పుడు ముందు కారు, తర్వాత రిమోటు. తారుమారైతే కారు దాని దారిన అది పోవచ్చు!

వైండింగ్ షాపు కుర్రాడు

మైదుకూరులో మోటార్ల వైండింగ్ షాపు నడిపే కుర్రాడు మామకు బాగా తెలుసు. పొలం మోటారు కాలిపోయినప్పుడల్లా అతనే దిక్కు. మా సంగతి విని మూడో రోజు వచ్చాడు. మా మోటారుకున్న మూడు వైర్లు చూసి, ‘‘రెండు వైర్లు అటిటు మారిస్తే తిరుగుడు మారతాదా అన్నా?’’ అని అడిగాడు. నేను నోరెళ్లబెట్టాను. నిజమే! బోరుబావిలోని త్రీఫేజ్ మోటారులాగే ఈ సెన్సర్ లేని బ్రష్‌లెస్ మోటారుకూ ఏ రెండు వైర్లు మార్చినా తిరిగే దిశ మారుతుంది. రెండింటిలోనూ అరిగిపోయే కార్బన్ బ్రష్షులు ఉండవు. పుస్తకాలు చదివి నేను తెలుసుకున్నది అతను పంపుసెట్లు విప్పి తెలుసుకున్నాడు.

బేరింగులో దుమ్ము చేరిందని చక్రం తిప్పగానే వచ్చే గరగర శబ్దంతోనే పట్టేశాడు. ‘‘నీళ్లు కొట్టొద్దన్నా, తుప్పు పడతాది’’ అని పాత టూత్‌బ్రష్‌తో తుడిచి, గాలి కొట్టి, ఒక్క చుక్క నూనె వేశాడు. మా దగ్గరున్న రెండో కారు పాతది, బ్రష్షుల మోటారుది. ‘‘రేపు పందెంలో దీన్ని నేను నడపొచ్చా?’’ అన్నాడు. దాన్నీ రాత్రి విప్పి ప్రతి స్క్రూ తడిమి చూశాడు.

ఐదు నిమిషాల పందెం

నాలుగో రోజు పొద్దున ఆరింటికి పందెం. వీధిలో పిల్లలంతా కళ్లం గట్టెక్కారు. లెక్కపెట్టేది మామ. సమయం ఐదు నిమిషాలు. ఎవరు ఎక్కువ చుట్లు తిరిగితే వాళ్లదే గెలుపు. బండలాగుడు లెక్కే!

మా కారు పులిలా లేచింది. రెండు నిమిషాలకే ఒక చుట్టు ముందుంది. దిబ్బ మీది నుంచి ఎగిరినప్పుడల్లా పిల్లల కేకలు. మూడో నిమిషంలో మోటారు గిర్రున తిరుగుతోంది గానీ కారు కదల్లేదు. పరుగెత్తి వెళ్లి తిప్పి చూస్తే, మోటారు ఇరుసు మీది పళ్లచక్రాన్ని పట్టి ఉంచే ఆవగింజంత స్క్రూ వదులైపోయింది. ఇనుములోకి ఇనుము బిగించే చోట అదురుకు ఊడకుండా ఒక చుక్క జిగురు పూయాలి. అది నేనే మరిచాను. ఇన్ని కొలతలు కొలిచి, ఆ ఒక్క చుక్క మరిచాను! పాత కారు మాత్రం తాబేలులా ఐదు నిమిషాలూ ఆగకుండా తిరిగి గెలిచింది.

మావాడు ఏడుస్తాడేమో అనుకున్నాను. వాడు కారు చంకన పెట్టుకుని నేరుగా పంచలోకి వెళ్లాడు. కొత్తది కొందామనలేదు. చిన్న ‘ఎల్’ ఆకారం తాళంతో స్క్రూ విప్పి, తుడిచి, జిగురు పూసి బిగించాడు. పక్కనే మామ చతికిలబడి టార్చ్ పట్టుకున్నాడు. గిత్తలను అమ్మేశాక ఆయన అంత శ్రద్ధగా దేన్నీ చూడటం తాను చూడలేదని అత్తయ్య అంది.

తిరుగు ప్రయాణంలో డిక్కీలో పసుపు కొమ్ముల సంచితోపాటు అడుగు చదరం కడప బండ ముక్క ఒకటి ఉంది. మామ కోయించి ఇచ్చాడు. ‘‘మళ్లొచ్చేటప్పుడు ఆ జిగురు రెండు సీసాలు తీసుకరా. మన బండిచక్రం బోల్టు కూడా ఊరికే వదులైతాంది’’ అన్నాడు.

వెళ్లాలంటే...

కడప నుంచి మైదుకూరు మీదుగా దువ్వూరుకు బస్సులున్నాయి. కర్నూలు వైపు నుంచైతే నంద్యాల, ఆళ్లగడ్డ, చాగలమర్రి దాటి రావాలి. రైల్లో వచ్చేవాళ్లు 2016లో ప్రారంభమైన నంద్యాల-ఎర్రగుంట్ల మార్గంలోని ప్రొద్దుటూరులో దిగొచ్చు. ఒకటి రెండు రోజులు ఎక్కువ ఉంటే అహోబిలం, బ్రహ్మంగారి మఠం, గండికోట చూసి రావచ్చు. చలికాలమైతే హాయి. మే నెలలో వెళ్తే మాత్రం బ్యాటరీలను డిక్కీలో మరిచిపోకండి!