జివెర్నీ వంటయిల్లు

పారిసు నగరమునకు వాయవ్యదిశను సుమారు 75 కిలోమీటర్ల దూరమున జివెర్నీ యను గ్రామము కలదు. చిత్రకారుడైన క్లాడ్ మోనే 1883 మొదలు 1926లో మరణించువరకు అచటనే కాపురముండెను. 1980 నుండి ఆ గృహమును యాత్రికులు చూడవచ్చును. అందరును తామరకొలను చూడబోవుదురు. నా మనస్సు మాత్రము వంటయింటిమీదనే యుండెను. ఏలయన, ఊరిలో మా వంటయిల్లు బాగుచేయించుచు, పింగాణి పలకలు ఏ గోడకు అతికింపవలెనో తేలక పని నిలిపి, అబ్బాయిని చూడ పారిసు వచ్చియుంటిమి. నాలుగు గోడలకును వేయింపుమని మావారు. తూర్పుగోడ ముట్టవలదని అత్తగారు. ఆమె కాపురమునకు వచ్చిన నాటినుండి పండుగ పండుగకును పెట్టిన పసుపు కుంకుమ బొట్లు ఆ గోడకు కలవు.

పసుపువన్నె భోజనశాల దాటగానే మోనేగారి వంటయిల్లు. గోడలనిండ నీలము తెలుపు కలసిన రువాను పలకలు, పెద్ద పొయ్యి, తళతళలాడు రాగిపాత్రలు. ఎంత అందము! నూనెచుక్క పడినను తడిగుడ్డతో పోవును. అచట ఏండ్ల తరబడి వండిన వంటవారి జాడ యేమైన నుండునాయని వెదకితిని. ఆ గోడలపై ఒక్క మరకయైన లేదు.

తిరిగివచ్చి మేస్త్రిని పిలిపించితిని. తిరుగమోత చిందునది పొయ్యి వెనుక. అచట గట్టునుండి రెండు మూరలు. నీళ్లు చిందునది తొట్టి వెనుక. అచట మూరెడు చాలును. పప్పుడబ్బాల గోడకు పలకలేల? ఖర్చు సగమగుటచే మావారును వాదింపలేదు. తూర్పుగోడ చెంత మేస్త్రి ఆగి నావంక చూచెను.

"దానిని అట్లే యుండనిమ్ము, నాయనా" యంటిని.

అత్తగారు ఏమియు పలుకలేదు. ఆ సాయంకాలము మేస్త్రికి కాఫీ తామే కలిపి యిచ్చిరి.