మామ తుపాకీకి దుర్బిణీ

మా మామది ఆదోని, ఎమ్మిగనూరు మధ్య ఓ పల్లె. పంట కాపలాకని లైసెన్సు తీసుకున్న పాత పాయింట్ టూటూ రైఫిల్ ఉందాయన దగ్గర. పోయిన నవంబర్లో ఫోన్ చేసి, "అల్లుడూ, సంక్రాంతికి వచ్చేటప్పుడు దానికో దుర్బిణీ పట్టుకురా, కండ్లు ఆనడం లేదు" అన్నాడు.

మనకి ఏం కొనాలన్నా ఎక్సెల్ షీటు లేనిదే కుదరదు కదా! రెండు రాత్రులు కూర్చున్నా. తేలిందేంటంటే... తేలికపాటి రైఫిల్ మీద 3-9 ఎక్స్ పెద్ద గొట్టం బిగిస్తే పైబరువై తూగు పోతుంది. 4 ఎక్స్ చాలు. అసలు కిటుకు పారలాక్స్. పెద్ద తుపాకుల స్కోపుల్లో అది సాధారణంగా 100 గజాలకి సరిచేసి ఉంటుంది. దాన్ని దీనికి పెడితే, దగ్గర్లో కన్ను కాస్త పక్కకి జరిగినా గురి తప్పుతుంది. రిమ్‌ఫైర్ స్కోపుల్లో అయితే 50 గజాలకే సరిచేస్తారు. (నేనింతవరకూ తుపాకీ పేల్చలేదు లెండి.)

అంతా అయ్యాక అడిగా, "ఇంతకీ దేనికి మామా, పందులకా?"

"పందులు గాదు, జింకలు. శెనగ మొలకలన్నీ మేసిపోయినాయి. రెండుసార్లు విత్తినా."

కృష్ణజింక షెడ్యూల్ వన్. పైగా మన రాష్ట్ర జంతువు. చంపితే 3 నుంచి 7 ఏళ్ళ జైలు. చెప్పా.

"తెలుసులే. బెదిరించడానికే" అన్నాడు.

బెదిరించడానికి గురెందుకని అడగలేకపోయా. రెండోసారి విత్తనాల డబ్బులు ఎక్కడ తెచ్చాడో కూడా అడగలేదు.

షీటు మూసేసి, పండక్కి బైనాక్యులర్స్ పట్టుకెళ్ళా. మామ అటూ ఇటూ తిప్పి చూసి, "దీంతో ఏం జేయాల? అవి మేసేది దగ్గరగా చూడాల్నా?" అన్నాడు.