గుండ్లకమ్మ దాకా

ఒంగోలు ప్రార్థన కొండ పేరుకే కొండ. మోకాళ్ళ నొప్పులున్న మా మేనత్త కూడా దారిలో ఒక్కచోట కూర్చుని పైకి వచ్చేసింది. పైనుంచి చూస్తే డాబాలు, నీళ్ళ ట్యాంకులు, సెల్ టవర్లు. తూర్పున మసకలో సముద్రం ఉండాలి, కనిపించలేదు. 1854 జనవరి 1న తెల్లవారుజామున నెల్లూరు మిషను దొర లైమన్ జూయెట్, ఆయన భార్య, ముగ్గురు తెలుగు విశ్వాసులు ఇక్కడికెక్కి, ఒంగోలుకు ఒక సేవకుణ్ణి పంపమని దేవుణ్ణి అడిగారు. నెల్లూరులో పని సాగడం లేదని, ఈ తెలుగు మిషనును ఎత్తేద్దామా అని అమెరికాలోని బాప్టిస్టు పెద్దలు తర్జనభర్జన పడుతున్న రోజులవి. కొండమీద వాళ్ళు కోరిన ఆ సేవకుడు, జాన్ క్లౌ, ఒంగోలుకు కాపురం వచ్చింది 1866లో.

"పన్నెండేళ్ళేగా" అంది అత్త, చెమట తుడుచుకుంటూ. "మీ మామ తాగుడు మానడానికి అంతకన్నా ఎక్కువే పట్టింది."

ఆమె ప్రభుత్వాసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైంది. సంచిలో బీపీ మాత్రలు, ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం, మంచినీళ్ళ సీసా ఉంటే ఎక్కడికైనా బయల్దేరుతుంది. కొండమీద ప్రార్థన చేసుకోవాలని ఆమె వచ్చింది. నేను మాత్రం పేరయ్య కోసం వచ్చాను.

చిన్నప్పుడు సండే స్కూల్లో విన్న కథలో ఎప్పుడూ దొరే నాయకుడు. యర్రగుంట్ల పేరయ్య అందులో అలా వచ్చి ఇలా వెళ్ళిపోయేవాడు. నిజానికి కథంతా ఆయనదే. తాళ్ళకొండపాడు మాదిగపల్లె మనిషి, తోళ్ళ వ్యాపారి. అప్పటికే రాజయోగం ఉపదేశం పొంది, దేవుడి సంగతి తేల్చుకోవాలని తిరుగుతున్నవాడు. బేరం మీద ఉత్తరాదికి, ఏలూరు వైపు వెళ్ళినప్పుడు అక్కడి మిషనరీ మాట చెవిన పడింది. 1866లో భార్య నాగమ్మతో కలిసి బాప్తిస్మం తీసుకున్నాడు. ఆ తర్వాత ఆయన బడి పెట్టలేదు, పుస్తకం అచ్చు వేయలేదు. తోళ్ళ కోసం ఏ ఊళ్ళకు తిరిగేవాడో ఆ ఊళ్ళకే తిరిగాడు, ఏ చుట్టాల అరుగు మీద కూర్చునేవాడో అక్కడే కూర్చున్నాడు, తనకు జరిగింది చెప్పాడు. 1867 జనవరిలో క్లౌ దొర తాళ్ళకొండపాడు వెళ్ళి చింతతోపులో గుడారం వేస్తే, చుట్టుపక్కల పల్లెల నుంచి ఆడా మగా అన్నం మూటలు, కప్పుకునే దుప్పట్లు తెచ్చుకుని మరీ దిగారట. అయిదు రోజులయ్యాక 28 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ మూటల సంగతే నాకు ముఖ్యం. తెల్లతోలు మనిషిని వింతగా చూసిపోయేవాళ్ళు దుప్పటి తెచ్చుకోరు. వాళ్ళను నిలబెట్టింది అంతకుముందు నెలల తరబడి పేరయ్య చెప్పిన మాట.

ఊళ్ళో జూయెట్ మెమోరియల్ చర్చి, క్లౌ పేరుతో ఉన్న ఆసుపత్రి చూసుకుని కొత్తపట్నం రోడ్డెక్కాం. బకింగ్‌హామ్ కాలువ చూపించమంటే ఆటో అబ్బాయి "కాలువలో చూడ్డానికేముంది సార్?" అన్నాడు. నిజమే, పెద్దగా ఏమీ లేదు. నీళ్ళ మీద గుర్రపుడెక్క, గట్టున తుమ్మచెట్లు, ఒడ్డున ఎవరో ఆరేసిన వల.

1876-78 నాటి ధాత కరువులో ఈ ప్రాంతం మాడిపోయినప్పుడు, క్లౌ ఈ కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు తీసుకున్నాడు. మిషనరీ కాకముందు సర్వేయరుగా చేసినవాడు గనక కొలతలూ మట్టి లెక్కలూ తెలుసు. తెలుగు బోధకులు మేస్త్రీలయ్యారు. కూలీలు గట్టు మీద కాసేపు సేదదీరినప్పుడు వాళ్ళ పక్కన కూర్చుని మాట్లాడేవారు. ఆకలి మీదున్నవాడికి కూలి ఇచ్చేవాడే దేవుడి మాట కూడా చెబితే అది ఏపాటి సాక్ష్యం అన్న అనుమానం ఎవరికైనా వస్తుంది. క్లౌకూ వచ్చినట్టుంది. కరువు సాయం నడిచిన పదిహేను నెలలూ ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. దాంతో అనుమానమంతా తీరిపోదు. ప్రాణం నిలిపిన చేతిని మనిషి మరిచిపోలేడు కదా. కానీ 'కూటికోసం మారారు' అని ఒక్కమాటతో తేల్చేసేవాళ్ళు ఈ పదిహేను నెలల లెక్క కూడా చూడాలి.

కాలువ దాటాక టీ కొట్టు దగ్గర ఆగాం. కొట్టామె టీ పోస్తూ అత్త మెడ వైపు, బొట్టు లేని నుదురు వైపు చూసింది. "మీరు చర్చికి పోతారామ్మా?" అంది. అత్త అవునని, ఎదురు ఆమె సంగతి అడిగింది. ఎవరెవరున్నారు, కొట్టు ఎన్నాళ్ళ నుంచి. ఆ మాటా ఈ మాటా అయ్యాక ఆమె, పెద్దబిడ్డ పురిట్లోనే పోయిందని చెప్పింది. పాలగిన్నె కింద మంట తగ్గించి, అట్లా నిలబడిపోయింది.

అత్త వెంటనే ఏమీ అనలేదు. టీ తాగి, గ్లాసు కింద పెట్టాక మొదలుపెట్టింది. "నాకొక పిల్లాడు పోయాడు. ఆరేళ్ళోడు. జ్వరం. నేను నర్సునే, నా ఆసుపత్రే. అందరూ వచ్చి దేవుడి చిత్తం అన్నారు. తలుపేసుకున్నా. గుడికి పోవడం మానేశా. మా చర్చిలో ఒక బైబిలు స్త్రీ ఉండేది, ముసలామె. రోజూ సాయంత్రం వచ్చి అంట్లు తోమి పోయేది. ఒక్క వాక్యం చెప్పలా. ఒక్క పాట పాడలా. నెల పైన తోమింది. నాకే కోపమొచ్చి, ఎందుకొస్తున్నావమ్మా అన్నా. 'నీ దగ్గరికి రమ్మని ఆయన చెప్తున్నాడు, ఏం మాట్లాడాలో మాత్రం చెప్పటంలేదు' అంది."

కొట్టామె నవ్వింది. కళ్ళలో నీళ్ళున్నాయి గానీ నవ్వింది.

"అంతేనా?" అంది.

"అంతే. ఆ ఆదివారం పోయా."

అత్త తర్వాత ఇంకేమీ కలపలేదు. మీరూ రండి అనలేదు, కరపత్రం తీయలేదు. కొట్టామె తను మొక్కుకున్న పోలేరమ్మ సంగతి చెబితే అడ్డు చెప్పకుండా వింది.

మా సంఘాల్లో ఇప్పుడు సాక్ష్యానికొక మూస తయారైంది. మొదట జబ్బు, తర్వాత డాక్టర్లు చేతులెత్తేశారు, తర్వాత ప్రార్థన, తర్వాత స్వస్థత. 'చేతులెత్తేశారు' దగ్గరికి రాగానే కీబోర్డు కుర్రాడు సన్నగా విషాదం అందుకుంటాడు. అత్త ఈ మాటెత్తితే మండిపడుతుంది. "మేం చేతులెత్తేసిన వాళ్ళలో బతికినోళ్ళు స్టేజీ ఎక్కారు, సరే. పోయినోళ్ళ తల్లులు కూడా విశ్వాసులే. వాళ్ళకి మైకు ఎవరిస్తారు?"

బెంచీ చివర పేపరు చదువుతున్న పెద్దాయన ఇదంతా వింటూనే ఉన్నాడు. "ఇట్టా తిరిగి మతం మారుస్తారన్నమాట" అన్నాడు, కోపంగా కాదు గానీ సూటిగానే. మత ప్రచారం 25వ అధికరణం ఇచ్చిన హక్కని, ఒకరిని మార్చే హక్కు మాత్రం అందులో లేదని సుప్రీంకోర్టు 1977లోనే చెప్పిందని నేనన్నాను. ఆయన అదే నా తప్పన్నట్టు తలూపాడు. అత్త మాత్రం "ఆమె అడిగింది, చెప్పానండీ. మీరు అడిగినా చెప్తాను" అంది. ఆయన అడగలేదు. మా టీ డబ్బులు మాత్రం ఇవ్వబోయాడు.

మధ్యాహ్నం బస్సులో వెల్లంపల్లి వచ్చాం. ఒంగోలుకు ఉత్తరాన, హైవే పక్కన గుండ్లకమ్మ. 1878 జూలై 3న ఈ ఏట్లో 2,222 మంది ఒక్కరోజులో బాప్తిస్మం తీసుకున్నారు. క్లౌ ఆ రోజు నీళ్ళలోకి దిగలేదు. ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరి తర్వాత ఇద్దరుగా మారుతూ, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ముంచి లేపారు. గట్టున గుమాస్తాలు పేర్లు చదివారు. మా చుట్టాల్లో ఎవర్ని కదిపినా తమ ముత్తాత ఆ రోజు ఇక్కడే ఉన్నాడంటారు. వాళ్ళందర్నీ కలిపితే 2,222 ఏ మూలకూ చాలదు.

మేం వెళ్ళినప్పుడు ఏటి మధ్యలో ఇసుక తేలి ఉంది. ఒక గొర్రెల కాపరి మందను నీళ్ళకు తోలుకొచ్చాడు. అత్త చెప్పులు విడిచి మోకాటి దాకా దిగింది. వద్దన్నా వినదు.

మునిగి లేచినవాళ్ళకు ఊళ్ళో ఏం ఎదురైందో సండే స్కూల్లో ఎవరూ చెప్పలేదు. ఆదివారం పని చేయకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు అన్నవి వాళ్ళకు పెట్టిన నియమాలు. జాతరలో డప్పు కొట్టనంటే ఊరు ఊరుకుంటుందా? బావి దగ్గరా, చేలో పని దగ్గరా వాళ్ళను వెలేశారు. నోటితో చెప్పినదానికంటే ఈ డప్పు కొట్టకపోవడమే గట్టిగా వినబడి ఉంటుంది.

ఆ ఖరీదు ఇప్పటికీ తీరలేదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన దళితుడు ఎస్సీ కాడు. సిక్కులను 1956లో, బౌద్ధులను 1990లో కలిపారు. క్రైస్తవులు మన రాష్ట్రంలో బీసీ-సీగానే ఉండిపోయారు. మా నాన్న స్కూలు సర్టిఫికెట్లో ఒక పేరు, చర్చి రిజిస్టర్లో ఇంకొక పేరు. ఎవరైనా వీధిలో ఆ రెండో పేరుతో పిలిస్తే ముందు చుట్టూ చూసి, తర్వాత పలికేవాడు. అయినా ఏ ఆదివారమూ మానలేదు.

తిరుగు బస్సు కిక్కిరిసి ఉంది. అత్తకు ముందు సీటు దొరికింది. నా పక్కన ఇంజనీరింగ్ కుర్రాడు, చెవుల్లో ఇయర్‌ఫోన్లు. ఏట్లో ఏం చూడ్డానికి వచ్చారని అడిగాడు. నేను 1854 నుంచి మొదలుపెట్టి జూయెట్, క్లౌ, కాలువ, 2,222 అన్నీ చెప్పుకొచ్చాను. మర్యాదగా విన్నాడు.

"ఇదంతా చరిత్ర కదా సార్. మీరు నమ్ముతారా?"

నమ్ముతానన్నాను.

"ఎందుకు?" అని రెండో ఇయర్‌ఫోన్ కూడా తీసేశాడు. ఒంగోలు ఇంకా అరగంట ఉంది. మా నాన్నకు రెండు పేర్లుండేవి, అని చెప్పడం మొదలుపెట్టాను.