'లాస్ట్' సీరియల్ మనకు బాకీ పడ్డ జవాబులు

కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి. ఈసారి స్కాలర్‌షిప్పుల గురించి కాదు, ఒక అమెరికా సీరియల్ గురించి.

మా హాస్టల్లో ఒక సీనియర్ అన్న 'లాస్ట్' మొత్తం పెన్‌డ్రైవ్‌లో ఇచ్చాడు. 2004 సెప్టెంబర్ నుంచి 2010 మే దాకా ఏబీసీ ఛానల్లో ఆరు సీజన్లు వచ్చింది. సిడ్నీ నుంచి లాస్ ఏంజెలెస్ వెళ్లే విమానం ఒక దీవిలో కూలిపోతుంది. బతికి బయటపడ్డవాళ్ల కథ ఇది. ఎండ దీవిలో మంచు ఎలుగుబంటి, మనుషుల్ని చంపే నల్ల పొగ, నేలలో ఇనుప తలుపు, 4, 8, 15, 16, 23, 42 అనే అంకెలు. ఎపిసోడ్‌కో ముడి.

అయిపోయాక మా రూంలో నలుగురం రెండు పార్టీలయ్యాం. "అందరూ మొదటి రోజే చచ్చిపోయార్రా, మనల్ని మోసం చేశారు" అన్నాడు ఒకడు. చాలామంది అనే మాటే ఇది, కానీ నిజం కాదు. దీవిలో జరిగిందంతా నిజమేనని ఆఖరి ఎపిసోడ్లో జాక్ వాళ్ల నాన్న చెప్తాడు. చర్చిలో కలవడం మాత్రం ఎవరి కాలం తీరి వాళ్లు పోయాక.

ఎలుగుబంట్లను ప్రయోగాల కోసం ధర్మా సంస్థవాళ్లు తెచ్చారని తెలిసింది. నల్ల పొగ ఎవరో తెలిసింది, కానీ అతని పేరు మాత్రం చివరిదాకా చెప్పలేదు. వాల్ట్ అనే పిల్లాడిలో ఏదో శక్తి ఉందని ఊరించి పక్కన పెట్టేశారు. కథలో గడిచింది కొన్ని నెలలే, నటించే పిల్లాడు మాత్రం ఏటికేడు ఎదిగిపోయాడు మరి.

రాసేవాళ్లనే తిట్టి లాభం లేదు. సీరియల్ ఎప్పుడు ముగించాలో 2007 మేలో గానీ తేల్చలేదు. అప్పటికి మూడు సీజన్లు దాదాపు అయిపోయాయి. మా అమ్మ బుట్టలు అల్లుతుంది. ఎంత బుట్ట కావాలో చెప్పకుండా "అల్లుతూ ఉండు" అంటే ఎక్కడ అంచు మలుస్తుంది? అందుకే అంకెల సంగతి తేలకపోయినా నాకు కోపం లేదు.

నా బాకీ వేరే. ఆ దీవిలో ముందునుంచీ ఉన్నవాళ్లను ధర్మావాళ్లు 'హాస్టైల్స్' అన్నారు, అంటే శత్రువులు. విమానంలో వచ్చినవాళ్లు 'అదర్స్' అన్నారు. వాళ్లు మంచోళ్లని నేననట్లేదు, పిల్లల్ని ఎత్తుకుపోయారు, మనుషుల్ని చంపారు. కానీ బెన్, రిచర్డ్ లాంటి పెద్దలకు తప్ప మామూలు మనుషులకు కథే లేదు. వాళ్లు తమను తాము ఏమని పిలుచుకునేవాళ్లు? సాయంత్రం కూర్చుంటే ఏం మాట్లాడుకునేవాళ్లు? నెట్‌లో అంకెల గురించి బోలెడు లెక్కలు కనిపిస్తాయి. ఈ ప్రశ్న అడిగినవాళ్లు నాకు పెద్దగా కనిపించలేదు.

నాకెందుకు తట్టిందంటే, నేను ఎరుకల పిల్లాణ్ణి. 1871లో బ్రిటిష్ వాళ్లు తెచ్చిన క్రిమినల్ ట్రైబ్స్ చట్టం కొన్ని తెగలను పుట్టుకతోనే నేరస్తులంది. తర్వాత మా తెగనూ అందులో కలిపారు. 1952లో ఆ ముద్ర కాగితం మీద పోయింది. కానీ నా చిన్నప్పుడు స్కూల్లో ఎవరి పెన్ను పోయినా ముందు నా బ్యాగే వెతికేవాళ్లు. బయటోళ్లు పెట్టిన పేరు ఎంతకాలం వెంటపడుతుందో మనకు తెలుసు కదా.

ఇదంతా చెప్తే మా రూంమేట్ కాసేపు ఆలోచించి, "ఒరే, సీరియల్ అంతా మనం విమానంవాళ్ల పక్కనే కూర్చుని చూశాం కదా" అన్నాడు. అవును, కెమెరా అక్కడే పెట్టారు. అవతలి గట్టున పెట్టి ఉంటే ఆకాశం నుంచి ఊడిపడ్డ వీళ్లే 'అదర్స్' అయ్యేవాళ్లు.

ముడి విప్పకుండా వదిలేసిన కథ మళ్లీ చూడొచ్చు, వాదించుకోవచ్చు. అందులో మజా ఉంది. మనుషుల్ని మాత్రం ముడిలాగే వదిలేస్తే నాకు మింగుడు పడదు.

మీరు చూసిన వాటిలో ఇలా ఎవరి కథ చెప్పకుండా వదిలేశారు? సీరియలైనా, సినిమా అయినా సరే. కింద రాయండి అన్నా, అక్కా. ఆదివారం మెస్ డ్యూటీ అయ్యాక అన్నీ చదువుతాను.