మునిగిన లోయ, మిగిలిన పటము

మన తెలుగునాట స్త్రీకి రెండూళ్ళు. ఒకటి పుట్టినది, రెండవది మెట్టినది. మెట్టినయూరి పేరు పట్టాలలోను, శుభలేఖలలోను, వోటర్ల జాబితాలలోను నిలిచియుండును. పుట్టినయూరు మాత్రము ఆమె నోటిమాటలో నుండి, తుదకు ఆమెతోనే పోవును. రెండు తరములు గడచుసరికి మనుమరాండ్రు "అమ్మమ్మగారి పుట్టిల్లు ఎక్కడ?" అని యడిగినచో, "ఎక్కడో పల్నాటివైపు" అనుటకంటె మంచి యుత్తరము దొరకదు. ఆ "ఎక్కడో" యను మాటను తుడిచి, దానిచోట ఒక చుక్కను నిలుపుటకు మనకు మంచి సాధన మొకటి గలదు. అది పాత సర్వే పటము.

పటమనగానే బడిపిల్లల గోడపటము తలపునకు వచ్చును. నేను చెప్పునది అది కాదు. భూమిమీది ఒక మైలును కాగితముమీద ఒక అంగుళముగా కుదించి గీచిన పటము. అందు ఊరే కాదు, ఊరిచెరువు, చెరువుకట్ట, దిగుడుబావి, గుడి, మసీదు, శ్మశానము, బండిబాట, కాలిబాట, తాటితోపు వరకును కనబడును. నీరు నీలిరంగు, అడవి ఆకుపచ్చ, సాగునేల పసుపు, కొండల యెత్తును తెలుపు గీతలు మట్టిరంగు. జనులు విడిచిపోయిన పాడూరికి సైతము ప్రత్యేకమైన గుర్తు గలదు. అట్టి పటమును చదువుటకు పెద్ద చదువులు అక్కరలేదు. అంచున అచ్చువేసిన గుర్తుల పట్టికను ఒక్కసారి చూచినచో చాలును. ముగ్గు నేర్చిన వ్రేళ్ళకు చుక్కలును గీతలును కొత్తవి కావు గదా!

ఈ పటముల కథ మన ప్రాంతముతో ముడిపడినదే. 1802వ సంవత్సరము ఏప్రిల్ నెలలో లాంబ్టన్ దొర చెన్నపట్టణము చెంత సెయింటు థామసు కొండయొద్ద గొలుసులతో నేలను కొలువ మొదలిడెను. ఆ కొలతనుండి త్రిభుజముమీద త్రిభుజముగా దేశమంతయు కొలువబడెను. అంతకు ముందునుండియే మెకంజీ దొర మన సీమలందు సర్వే చేయుచుండెను. ఆయనకు కుడిభుజములై నిలిచినవారు ఏలూరికి చెందిన కావలి సోదరులు బొర్రయ్య, లక్ష్మయ్యగారలు. ఊరూర కరణములచే వ్రాయించి వీరు కూర్చిన కైఫీయతులు నేటికిని చెన్నపట్టణపు ప్రాచ్యలిఖిత గ్రంథాలయమున నున్నవి. కొలిచినది గొలుసు, కథ చెప్పినది ఊరు. ఈ రెండును కలిసిననే స్థలచరిత్ర యగును.

ఇంటిపేర్లనుండియు ఈ వెదకులాటను ఆరంభింపవచ్చును. మన యింటిపేర్లలో అనేకములు ఊళ్ళ పేర్లే. గురజాడ, కందుకూరు, కొవ్వూరు అను పేర్లుగల యూళ్ళు నేటికిని ఉన్నవి. కాని ఒకేపేరుగల యూళ్ళు రెండుమూడు ఉండుటయు కలదు. అందుచేత పేరొక్కటే సాక్ష్యము కాదు. పెద్దలు చెప్పు ఏరు, గుట్ట, పొరుగూరు పటమునందు దగ్గరదగ్గరగా కుదిరినప్పుడే "ఇదియే మన యూరు" అని నమ్మదగును.

ఊరు ఉన్నచోటనే యున్నవారికి ఇదియంతయు వేడుక. ఊరే నీటిపాలైనవారి కిది వేడుకమాత్రమే కాదు.

కృష్ణకు కుడిగట్టున, పల్నాటిసీమలో, మాచర్లకు సుమారు 15 మైళ్ళ దూరమున నాగార్జునకొండ లోయ యుండెడిది. మూడుప్రక్కల కొండలు, నాలుగవప్రక్క కృష్ణ. క్రీస్తుశకము మూడవ శతాబ్దిలో ఇక్ష్వాకులు ఏలిన విజయపురి యచటనే వెలసినది. తరువాత నది అడవియై, పల్లెలై, లోకము మరచిన తావయ్యెను. 1926వ సంవత్సరమున ఆ ప్రాంతపు బడిపంతులొకరు అచటి రాతిస్తంభములనుగూర్చి తెలుపగా, శాసనశాఖలోని సరస్వతిగారు వచ్చి చూచిరి. పిమ్మట త్రవ్వకములు సాగినవి. 1955 డిసెంబరు 10వ తేదీన నెహ్రూగారు నాగార్జునసాగరమునకు శంకుస్థాపన చేసిరి. లోయ మునుగునని తెలిసి, పురావస్తుశాఖవారు 1954 మొదలు 1960 వరకు ఆ నేలను మరల త్రవ్వి, దొరికినదానిని కొంత కొండపైకి, కొంత అనుపునకు చేర్చిరి. 1967 ఆగస్టు 4వ తేదీన కాలువలకు నీరు వదలిరి. ఎండిన సీమలు పండినవి. లోయ నీటియడుగున చేరినది.

ఇప్పుడు విజయపురి దక్షిణమునుండి లాంచీ యెక్కినచో గంటకు లోపుననే ఆ కొండను చేరుదుము. ఒకప్పుడు లోయను కాచియుండిన కొండ నేడు దీవి. అందు వస్తుప్రదర్శనశాలయు, మరల కూర్చిన స్తూపములును గలవు. యాత్రికులందరును అచటనే దిగి, శిల్పములను చూచి, మరల వత్తురు. నేను పాతపటముల నకళ్ళను చేతపట్టుకొని లాంచీలో కూర్చుంటిని. నలువైపుల నీరే. కాని పటమునందు ఆ నీరు లేదు. నీరున్నచోట పొలములు, నీరున్నచోట బాటలు! చేతిలో ఒక లోకము, కన్నుల యెదుట మరియొక లోకము. లాంచీ ఏ పెరటిమీదుగా, ఏ రచ్చబండమీదుగా పోవుచున్నదో గదా యని మనసు కలుక్కుమనినది.

మునిగిన మేరను పటముమీద మనమే గుర్తింపవచ్చును. జలాశయము నిండుమట్టము సముద్రమట్టమునకు 590 అడుగులు. అంగుళము పటమునందు ఎత్తుగీతలు 50 అడుగుల కొకటి చొప్పున నుండును. 600 అడుగుల గీతను వెదకి, దానికి కొంచెము దిగువగా నీలిపెన్సిలుతో గీచినచో, గీతకు లోపల నున్నదెల్ల మునిగిన నేల యని తెలియును. నీరు ఏ యిల్లు ముంచినది, ఏ గుడిమెట్టు వరకు వచ్చి ఆగినది వేలితో తాకి చూపవచ్చును.

పటములు తెచ్చుకొనునప్పుడు ఒక మాట గుర్తుంచుకొనవలెను. ఈ లోయ యుండు పెద్దపటము సంఖ్య 56 పి. దానిని పదునారు భాగములు చేసి అంగుళము పటములుగా ముద్రింతురు. లోయ యుండు తావు 16 డిగ్రీల 30 నిమిషముల అక్షాంశరేఖయు, 79 డిగ్రీల 15 నిమిషముల రేఖాంశమును కలియుచోటికి మిక్కిలి సమీపము. కనుక ఒక్క పటము చాలదు. 2, 3, 6, 7 అను నాలుగు భాగములను అంచులు కలిపి పరచిననే లోయయు దాని చుట్టుపట్ల యూళ్ళును సమగ్రముగా కనబడును. మీ యూరును ఇట్లే ఏ పటము అంచుననో పడియుండవచ్చును. దొరకలేదని విడువక, ప్రక్కపటమును కూడ చూడుడు.

నేను ఆ నాలుగు నకళ్ళను మా యింటి నేలమీద పరచి, పొరుగుననుండు ఒక పెద్దమ్మను పిలిచితిని. ఆమె ఆ లోయలోని పల్లెలో పుట్టినది. ఊరు ఖాళీచేసి బండ్లుకట్టినప్పటికి పదేండ్ల బాలిక. ఇప్పుడు ఎనుబదికి చేరువయైనది. పటముమీది యింగ్లీషు అక్షరములు ఆమెకు రావు. కొంతసేపు గీతలవంక చూచి ఊరకుండెను. పిమ్మట, "అమ్మాయీ, ఇందులో పొద్దు ఎటు పొడుస్తుంది?" అని అడిగెను. కుడివైపున అని చెప్పితిని. "అయితే మా ఏరు ఇటుండాలి. మా ఊళ్ళో పొద్దు ఏట్లోనే గుంకేది" అనుచు ఎడమప్రక్క నీలిగీతమీద వేలుంచెను. ఆపైన నా సాయ మామెకు అక్కరలేకపోయినది. ఏటినుండి వాగు, వాగునుండి బావి, బావినుండి వీధి. "ఈ బాటనే మాచర్లకు బండి కట్టేవాళ్ళం. ఇక్కడ రేవు. పుట్టిలో ఏరు దాటించి మా మేనత్తను అవతలి గట్టుకిచ్చారు. ఆమె మళ్ళీ ఇవతలికి వచ్చింది రెండుసార్లే."

అవతలిగట్టు అప్పుడు నిజాము రాజ్యము. 1948 వరకు కృష్ణయే అచట రెండు ప్రభుత్వములకు ఎల్ల. 1956లో రెండుగట్లును ఒక రాష్ట్రమయ్యెను, 2014లో మరల రెండు రాష్ట్రములయ్యెను. పటములు గీచినవారికి అది సరిహద్దు, ఆ పెద్దమ్మకు మేనత్తగారి కాపురపుదారి. ఈ రెండవ సంగతి ఏ పటమునందును లేదు.

ఇచటనే నాకొక విషయము స్పష్టమైనది. సర్వేవారు ఊరికి వచ్చినప్పుడు ఎవరి నడిగిరి? కరణమును, మునసబును. వారు చెప్పిన పేర్లు పటమున కెక్కినవి. చెరువున కొక పేరు, గుట్ట కొక పేరు. కాని నీళ్ళకు పోవు స్త్రీలు బావికి పెట్టుకొన్న పేరు, పిల్లలకు జబ్బుచేసిన మ్రొక్కుకొను చెట్టుక్రింది అమ్మవారి పేరు ఎవరును వ్రాసికొనలేదు. నష్టపరిహారపు కాగితములలో ఆ పెద్దమ్మ తండ్రిపేరున్నది. తల్లిపేరు ఏ కాగితమునందును లేదు. ఊరు మునుగుటతో ఆమె తిరిగిన వీధియు లేకపోయినది.

విచిత్రమేమనగా, అదే లోయలో 1,700 సంవత్సరములనాటి స్త్రీల పేర్లు నేటికిని నిలిచియున్నవి. మహాచైత్యమును ఉద్ధరించిన చాంతిసిరి ఇక్ష్వాకురాజు చాంతమూలుని చెల్లెలు, వీరపురుషదత్తునకు మేనత్త. మేనత్తల కుమార్తెలనే ఆ రాజు వివాహమాడెను. మన మేనరికము అంతటి పాతది! బోధిసిరి యను ఉపాసిక సింహళభిక్షువులకై చైత్యగృహమును కట్టించెను. ప్రాకృతమున, బ్రాహ్మీలిపిలో, ఈ తల్లులు తమ పేర్లనే కాక తమ బంధువర్గమును కూడ రాతిమీద చెక్కించిరి. అందుచేతనే లోయ మునిగినను వారు మునుగలేదు. ధనముగలవారు రాతిమీద వ్రాయించిరి. తక్కిన తల్లులకు రాయి లేదు. కాగితముమీద వ్రాయుటకైనను మనము లేమా?

కనుక సోదరీమణులారా, ఈ పనికి పూనుకొనుడు. ఇందులకు ఖర్చు స్వల్పము. అమెరికా సైన్యపు పటశాఖవారు 1950 ప్రాంతమున ముద్రించిన మనదేశపు పటములను టెక్సాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయమువారు అంతర్జాలమున అందరికిని ఉంచినారు. అవి రెండున్నర లక్షలకు ఒకటి ప్రమాణముగలవి; అంటే ఒక అంగుళమునకు సుమారు నాలుగు మైళ్ళు. వానిలో బావులు కనబడవుగాని యూళ్ళు, ఏళ్ళు, బాటలు కనబడును. సాగరము నిండకమునుపటి పటములను వెదకునప్పుడు అంచున అచ్చయిన సర్వేసంవత్సరమును తప్పక చూడుడు. ముద్రించిన యేడు వేరు, కొలిచిన యేడు వేరు. ఇరువది యేండ్ల క్రిందటి కొలతనే కొత్తగా అచ్చువేయుట సామాన్యము. అంగుళము పటము లభించినచో అంతకంటె మేలు లేదు.

పటము దొరకినపిమ్మట దానిని పెద్దదిగా అచ్చుతీయించి, ఇంటిలోని వృద్ధురాలియొద్ద పరచుడు. ముందుగా ప్రశ్నలు గ్రుచ్చిగ్రుచ్చి అడుగవలదు. పొద్దుపొడుపు ఏవైపో, ఏరు ఎటో చూపి, ఆమె వేలు నడచినట్లు నడువనిండు. ఆమె చెప్పిన ప్రతి పేరును, ఆమె పలికినట్లే, తెలుగున పలుచని కాగితముమీద వ్రాసి పటముపై కప్పుడు. ఏ బాటను ఎవరు పెండ్లికూతురై వెళ్ళినది, ఏ బావి ఎండినది, ఏ యేడు వరద వచ్చినది వ్రాయుడు. పటము చెప్పుదానికిని ఆమె చెప్పుదానికిని భేదము కలిగినచో రెంటిని వ్రాయుడు. ఒకదానికొరకు మరియొకదానిని కొట్టివేయవలదు. ప్రక్కన తేదీ వేయుడు. పిల్లలను కూర్చుండబెట్టుకొనుడు. లెక్కలపాఠమునకును చరిత్రపాఠమునకును ఇంతకన్న మంచి బడి లేదు.

ఈ పనికి ఒక్కటే గడువు. పాతపటము నూరేండ్లయినను గ్రంథాలయపు బీరువాలో పదిలముగానే యుండును. దానిని చదివి చెప్పగల పెద్దమ్మ మాత్రము అట్లుండదు. ఆనాడు మాయింట నేలమీద కూర్చున్న ఆమె, లేచిపోవుటకు ముందు, ఒక చిన్నచుక్కను చూపి, "ఇక్కడ మా అమ్మ పేరు రాయి, అమ్మాయీ" అనెను. ఆ పేరు నిచట అచ్చువేయించుట నా పని కాదు. పటముమీద మాత్రము వ్రాసితిని. లోయలోని యే రాతికిని ఎక్కని పేరు, ఆ మధ్యాహ్నము కాగితమున కెక్కినది. మీ యింటను అట్టి పేరొకటి వేచియున్నది. ఈ మాసములోనే అడిగి వ్రాయుడు.