ఒక్క ఆకు చాలు

రణపాల ఆకును తెల్లవారగానే నమిలితే పుల్లగా ఉంటుంది. మధ్యాహ్నానికి చప్పబడి, సాయంత్రానికి కాస్త చేదెక్కుతుంది. ఒకప్పుడు సామర్లకోటలో ఈస్టిండియా కంపెనీ తోటలు చూసుకున్న బెంజమిన్ హైన్ ఈ వింతను గమనించి ఉత్తరంగా రాస్తే, 1815లో లినియన్ సొసైటీ సంపుటిలో అచ్చయింది.

ఇప్పుడు బాల్కనీల్లో ముచ్చటగా కనిపించే ఎచెవేరియాదీ రణపాల కుటుంబమే. రెండూ రాత్రిపూట ఆకు రంధ్రాలు తెరిచి, కార్బన్ డయాక్సైడ్‌ను పుల్లటి ఆమ్లంగా దాచుకుంటాయి. పొద్దెక్కాక రంధ్రాలు మూసుకుని, ఆ నిల్వతోనే ఆహారం వండుకుంటాయి. ఒంట్లో నీరు ఎండపాలు కాదు. అలాంటి మొక్కకు రోజూ చెంబెడు నీళ్లు పోయడం ప్రేమ కాదు, హాని.

ఎచెవేరియాల పుట్టిల్లు ఎక్కువగా మెక్సికో కొండలు. అక్కడి మొక్కల బొమ్మలు గీసిన అతనాసియో ఎచెవెరియా పేరే 1828లో వృక్షశాస్త్రవేత్త ద కాండోల్ వీటికి పెట్టాడు. చల్లటి రాత్రులకు అలవాటుపడ్డ ప్రాణం కాబట్టి విజయవాడ మే నెలలో డీలా పడుతుంది. అప్పుడు మిట్టమధ్యాహ్నం నీడ కావాలి, నీళ్లు తగ్గాలి. వానాకాలంలో చూరు కిందికి జరపాలి. కుండీకి చిల్లు, మట్టిలో సగం దాకా ముతక ఇసుక, ఇటుక ముక్కలు ఉంటే చాలు.

కొత్త మొక్కలకు దసరా తర్వాతి చల్లదనం అనువైనది. అడుగున ఉన్న బలమైన ఆకును పట్టుకుని అటూ ఇటూ మెల్లగా కదపాలి. మొదలుతో సహా ఊడిరావాలి. మధ్యలో తెగితే ఆశ వదులుకోవాల్సిందే. మూడు నాలుగు రోజులు నీడలో ఆరబెట్టి, పొడి మట్టి మీద ఊరికే పడుకోబెట్టాలి, పాతకూడదు. కొన్ని వారాల్లో తెగిన చోట దారప్పోగుల్లాంటి గులాబీరంగు వేళ్లు దిగుతాయి. వాటి పక్కనే ఆవగింజంత పిల్లమొక్క, అందులోనూ ఆకులన్నీ వరుసగా పేర్చి! తల్లి ఆకు తన నీరంతా దానికిచ్చి ముడతలు పడుతుంది. పూర్తిగా ఎండేదాకా దాన్ని పీకకూడదు. వేళ్లు కనిపించాకే మట్టిని కాస్త తడపాలి.

కలబందకు ఈ విద్య రాదు. దాని ఆకు పాతితే కుళ్లిపోతుంది, పిలకలు విడదీసి నాటాల్సిందే.

వెలుతురు చాలకపోతే ఎచెవేరియా కాడ సాగి, ఆకులు ఎడమెడమవుతాయి. అప్పుడు కాస్త కాడతో సహా తలను పదునైన కత్తితో కోసి, గాయం ఆరాక వేరే కుండీలో నిలబెడితే వేళ్లేస్తుంది. మోడును పారేయొద్దు. దాని చుట్టూ లేచే పిల్లలు రూపాయి బిళ్లంత అయ్యాక వాటినీ కోసి నాటుకోవచ్చు.