గిటారు నిలబడే చోటు

వీణకు ఈ బెడద లేదండీ. చాప పరిచి పడుకోబెడితే, ఇక పడటానికి దానికి చోటే ఉండదు. మా అమ్మాయి ట్యూషన్లు చెప్పి కూడబెట్టిన డబ్బుతో కొనుక్కున్న ఎలక్ట్రిక్ గిటారుకు మాత్రం స్టాండు కావాలిట!

అది 1952లో గిబ్సన్ కంపెనీ తెచ్చిన లెస్ పాల్ నమూనాలో చేసింది. దాదాపు నాలుగు కిలోల బరువు. తల వెనక్కి వాలి ఉంటుంది. ఆ వాలు దగ్గర కర్ర సన్నం. పైగా లోపల ఇనుపకడ్డీ కోసం తొలిచి ఉంటారు. వెల్లకిలా పడిందా, తల నేలకు కొట్టుకుని సరిగ్గా అక్కడే పుటుక్కుమంటుంది. ఫెండర్ వారి గిటార్లకు తల తిన్నగా ఉంటుంది గనుక ఆ భయం తక్కువ.

"కేలండరులా మేకుకు తగిలిస్తే పోలా?" అంది మా ఆవిడ. మరలు బిగించి గోడకు కొక్కెం పెడితే మంచిదే. అద్దె ఇంట్లో గోడ తొలుస్తామంటే ఇంటివారు ఊరుకుంటారా? కాబట్టి నేలమీది స్టాండే. కాళ్లు వెడల్పుగా చాపుకుని, మెడ జారకుండా గడియ ఉన్నది చూసి తెచ్చాం. చీపురు తగలని మూల మా ఇంట్లో లేదు మరి.

అంతటితో అయిందా? స్టాండుకు తొడిగిన రబ్బరు నైట్రోసెల్యులోజ్ పూతను నెలల తరబడి ఆనుకుని ఉంటే, దాన్ని మెత్తబరిచి మచ్చ వేస్తుంది. పాలియురెథేన్ పూతకు అంత ప్రమాదం లేదు. మా గిటారు పూత ఏదో అమ్మినవాడికే తెలియదు! మా అమ్మ, నాన్నగారి పాత పంచె చింపి ఆ రబ్బరు చుట్టూ కట్టు కట్టేసింది.

ఇప్పుడు అమ్మకు మిగిలిన బెంగ వైరు. వాయించాక తీయకుండా వదిలితే, ఎవరి కాలికో తగులుకుని గిటారును కిందికి లాగేస్తుంది. రాత్రి పడుకోబోయే ముందు, గ్యాసు కట్టేశారా అని అడిగినట్టే, "వైరు తీశావుటే?" అని మనవరాలిని అడుగుతోంది.